లినక్స్ వీఎమ్‌లో రెండు అడాప్టర్లు, కానీ నెట్ రావట్లేదు: అపోహలు - వాస్తవాలు

రెండో అడాప్టర్ పెట్టగానే నెట్ పోయిందండీ అని ల్యాబ్ సెటప్ చేసుకునే పిల్లలు తరచుగా అడుగుతుంటారు, అప్పటికే ఎవరో చెప్పారని ఫైర్‌వాల్ ఆపేసి, నాలుగుసార్లు రీబూట్ చేసి, ఆఖరికి ఓఎస్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసేదాకా వెళ్ళుంటారు. అంత అవసరం లేదు. అందరి దగ్గరా ఉండే వర్చువల్‌బాక్స్‌తోనే చెప్తా, అంటే మీ కంప్యూటర్ (హోస్ట్) లోపల ఇంకో కంప్యూటర్‌ని (వీఎమ్) నడిపే సాఫ్ట్‌వేర్. మొదటి అడాప్టర్ (నెట్‌వర్క్ కార్డు) న్యాట్, అంటే హోస్ట్ ద్వారా ఇంటర్నెట్‌కి వెళ్ళేది, రెండోది హోస్ట్-ఓన్లీ, అంటే బయటికి కాకుండా హోస్ట్ వరకే కలిపేది అనుకోండి.

అపోహ: ఐపీ వచ్చిందంటే నెట్ వచ్చినట్టే.

కాదు. హోస్ట్-ఓన్లీ కార్డుకి 192.168.56.101 లాంటి ఐపీ చక్కగా వస్తుంది, మీ ల్యాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీద లాగిన్) కూడా అవుతుంది, కానీ అటునుంచి బయటికి దారే లేదు. బయటికి వెళ్ళేది న్యాట్ కార్డు నుంచే, మామూలుగా దాని ఐపీ 10.0.2.15, గేట్‌వే (బయటికి వెళ్ళే ద్వారం) 10.0.2.2.

అపోహ: రెండు కార్డులకీ గేట్‌వే ఇస్తే సేఫ్, ఒకటి పోతే ఇంకోటి చూసుకుంటుంది.

ఎక్కువమందిని ముంచేది ఇదే. డిఫాల్ట్ రూట్లు (వేరే దారి రాసిలేని ప్యాకెట్లన్నీ పోయే దారులు) రెండుంటే కెర్నల్ మెట్రిక్, అంటే రూట్‌కి ఉండే ప్రాధాన్యత నంబర్ చూస్తుంది, ఏది తక్కువైతే అది, అంతే. ఆ గేట్‌వే వెనకాల ఇంటర్నెట్ ఉందా లేదా అని అది అస్సలు చెక్ చెయ్యదు. డీహెచ్‌సీపీతో (ఐపీ దానంతటదే ఇచ్చే పద్ధతి) వచ్చిన న్యాట్ రూట్‌కి మామూలుగా మెట్రిక్ 100 ఉంటుంది, మీరు చేత్తో 192.168.56.1 అని యాడ్ చేసిన రూట్‌కి మెట్రిక్ ఇవ్వకపోతే అది సున్నా, ఇంక ప్యాకెట్లన్నీ అటే పోయి అక్కడే ఆగిపోతాయి.

అందుకే ముందు 'ఐపీ రూట్' కొట్టండి, డిఫాల్ట్ అని ఎన్ని లైన్లు ఉన్నాయో చూడండి. తర్వాత 'ఐపీ రూట్ గెట్ 8.8.8.8' కొడితే ప్యాకెట్ ఏ కార్డు నుంచి పోతుందో అదే చెప్పేస్తుంది. హోస్ట్-ఓన్లీ కార్డు పేరు కనిపిస్తే దొంగ దొరికినట్టే. 'ఐపీ రూట్ డెల్ డిఫాల్ట్ డెవ్' అని ఆ కార్డు పేరిచ్చి తీసేస్తే అప్పటికి నెట్ వస్తుంది, హోస్ట్ నుంచి పెట్టుకున్న ఎస్‌ఎస్‌హెచ్ కూడా తెగదు, ఎందుకంటే హోస్ట్, ఆ కార్డు రెండూ ఒకే సబ్‌నెట్ (నెట్‌వర్క్‌లో ఒకే ముక్క). కానీ రీబూట్ చేస్తే సమస్య మళ్ళీ మొదటికే, కాబట్టి కాన్ఫిగ్ ఫైల్లోంచి ఆ గేట్‌వే లైన్ తీసెయ్యాల్సిందే. నెట్‌వర్క్‌మేనేజర్ (కనెక్షన్లు చూసుకునే ప్రోగ్రామ్) వాడేవాళ్ళు ఆ కనెక్షన్‌కి 'ఐపీవీ4.నెవర్-డిఫాల్ట్' అనేదాన్ని 'యెస్' అని పెడితే చాలు.

అపోహ: గూగుల్ పింగ్ అవ్వట్లేదంటే నెట్ లేదు.

పేరుతో కాకుండా 8.8.8.8 కి పింగ్ చేసి చూడండి. అది వెళ్తుంటే రూటింగ్ బానే ఉంది, తేడా డీఎన్‌ఎస్‌లో, అంటే పేరుకి ఐపీ వెతికిపెట్టే చోట. ఉబుంటులో రిజాల్వ్.కాన్ఫ్ తెరిస్తే 127.0.0.53 కనిపిస్తుంది, అది చూసి కంగారుపడి ఫైల్ మార్చెయ్యకండి, అది సిస్టమ్‌డీ వాళ్ళ లోకల్ రిజాల్వర్. 'రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్' కొడితే ఏ కార్డుకి ఏ డీఎన్‌ఎస్ ఉందో తెలుస్తుంది, హోస్ట్-ఓన్లీ కార్డు కింద పనిచెయ్యని సర్వర్ ఏదైనా రాసుంటే తీసెయ్యండి.

అపోహ: పాత ట్యుటోరియల్‌లో ఉన్నట్టు కార్డు పేరు ఈటీహెచ్0 అని రాస్తే సరిపోతుంది.

వర్చువల్‌బాక్స్‌లో ఇప్పటి ఉబుంటు, డెబియన్ వేస్తే మామూలుగా మొదటి కార్డు ఈఎన్‌పీ0ఎస్3, రెండోది ఈఎన్‌పీ0ఎస్8. డౌట్ ఉంటే 'ఐపీ లింక్'లో కనిపించే మ్యాక్ అడ్రస్‌ని (కార్డు గుర్తింపు నంబర్) వీఎమ్ సెట్టింగ్స్‌లో ఉన్నదాంతో పోల్చుకోండి. వీఎమ్ క్లోన్ చేసినప్పుడు కొత్త మ్యాక్‌లు ఇచ్చుంటే, నెట్‌ప్లాన్ (ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగ్స్) ఫైల్లో పాత మ్యాక్ రాసి ఉందేమో కూడా చూడాలి, ఉంటే ఆ కార్డుకి కాన్ఫిగే పడదు.

అపోహ: వీఎమ్‌లో నెట్ వస్తోందంటే రూటింగ్ అంతా బావున్నట్టే.

రెండో కార్డు బ్రిడ్జ్‌డ్ (వీఎమ్‌ని నేరుగా హోస్ట్ ఉన్న నెట్‌వర్క్‌కే కలిపేది) అయితే ఇంకో చిక్కుంది. వేరే సబ్‌నెట్ నుంచి ఎవరైనా బ్రిడ్జ్‌డ్ ఐపీకి కనెక్ట్ అవ్వబోతే రిక్వెస్ట్ ఆ కార్డులోకే వస్తుంది, కానీ జవాబు డిఫాల్ట్ రూట్ పట్టుకుని న్యాట్ కార్డు నుంచి పోతుంది, అవతలివాళ్ళకి టైమౌట్. దీనికి డిఫాల్ట్ మార్చక్కర్లేదు, అవతలివాళ్ళ సబ్‌నెట్ ఒక్కదానికే బ్రిడ్జ్‌డ్ వైపు గేట్‌వేతో విడిగా ఒక రూట్ యాడ్ చెయ్యండి.