లాంతరు గ్లాసు ఖరీదు ఎలా కట్టాలి?

చిరంజీవులందరికీ ఆశీస్సులు.

అటక మీది ట్రంకుపెట్టె దింపి మీరు పంపిన ఫొటోలు చూశాను. హరికేన్ లాంతరు, అంచు పెచ్చులూడిన ఎనామిల్ పళ్ళెం, పళ్ళు విరిగిన దువ్వెన, వెనకాల పెన్సిలుతో ఏవో అక్షరాలు రాసి ఉన్న బొత్తాల అట్ట. ‘‘ఇవన్నీ ఎక్కడ కొనేవాళ్ళు తాతయ్యా?’’ అన్నారు. అన్నీ ఒక్కచోటే. ఇంగ్లీషువాళ్ళ కాలంలో కాకినాడ, బందరు, బెజవాడ లాంటి ఊళ్ళ పెద్దబజారులో ‘జనరల్ స్టోర్సు’ అనో ‘ఫ్యాన్సీ స్టోర్సు’ అనో బోర్డు కట్టిన కొట్లో.

ఇప్పుడు ఫ్యాన్సీ షాపంటే మీకు గాజులు, క్లిప్పులు, బొట్టుబిళ్ళలు. ఆ మాట ఇంగ్లీషు వర్తకులది. రిబ్బన్లు, చేతి అద్దాలు, సెంటు సీసాలు, బొమ్మలు, అంటే లేకపోయినా రోజు గడిచిపోయే సరుకు వాళ్ళ లెక్కలో ‘ఫ్యాన్సీ’. మన కొట్లలో వాటి పక్కనే లాంతర్లు, సూదులు, తాళాలు, కత్తెరలు, పింగాణీ కప్పులు కూడా చేరాయి. పప్పు, చింతపండు మాత్రం కిరాణా కొట్టువే. వాసన పట్టిందంటే సెంటు సబ్బూ ఇంగువ సబ్బే అవుతుంది కదా!

ఈ జాతిలో పెద్ద ఏనుగు మద్రాసులోని స్పెన్సర్స్. 1863లో మొదలైంది, 1895లో మౌంట్ రోడ్డు మీద మేడ కట్టింది. అక్కడ కొనేవాళ్ళు ఎక్కువగా దొరలు, జమీందార్లు. మన ఊళ్ళ కొట్లు అంత కాదు. ముందువైపు ఒక బల్ల, దాని వెనక గాజుతలుపుల బీరువాలు, మూలగా గల్లాపెట్టె. మొదట్లో సరుకు రేవుల మీదుగా, కాలవల్లో పడవల మీదా వచ్చేది. బెజవాడ దగ్గర కృష్ణ మీద 1893లో, రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1900లో రైలు వంతెనలు వచ్చాక మద్రాసు నుంచీ కలకత్తా నుంచీ నేరుగా రైల్లో దిగడం మొదలైంది. రైలు లేని పల్లెవాళ్ళకు 1877 నుంచే పోస్టాఫీసులో వి.పి. పద్ధతి ఉండేది. పార్సిలు వచ్చాక డబ్బు కట్టి విడిపించుకోవడం, మీ క్యాష్ ఆన్ డెలివరీకి ముత్తాత.

ఇక డబ్బు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. పావలా అంటే 4 అణాలు, బేడ అంటే 2, కానీ అంటే పావు అణా. మీ నయాపైసల లెక్క 1957 ఏప్రిల్ 1న గానీ రాలేదు. బరువుకు 3 తులాలు పలం, 8 పలాలు సేరు, 5 సేర్లు వీశె. వీశె అంటే ఇప్పటి 1.4 కిలోలు. కానీ ఫ్యాన్సీ కొట్లో తక్కెడతో పని తక్కువ. అక్కడ డజను, గ్రోసు రాజ్యం. గ్రోసంటే 12 డజన్లు, 144. బొత్తాలు, అగ్గిపెట్టెలు, పెన్సిళ్ళు అన్నీ గ్రోసు లెక్కనే వచ్చేవి. నైజాము ఇలాకాలో ఇంకో తంటా. సరిహద్దులో కరోడ్‌గిరి సుంకం కట్టాలి, పైగా అక్కడి రూపాయి హాలీ సిక్కా. ఇంచుమించు 7 హాలీ రూపాయలైతే 6 ఇంగ్లీషు రూపాయలకు సమానం.

లాంతరు గ్లాసు ధర కట్టి చూద్దాం, అంకెలు నేను ఊహించినవే. డజను 3 రూపాయలు, అంటే 48 అణాలు. రైలు కిరాయి, కూలీ కలిపి 6 అణాలు. మొత్తం 54. పన్నెండుతో భాగిస్తే ఒక్కోటి నాలుగున్నర అణాలని మీరు అంటారు. కొత్త గుమాస్తా కూడా అంతే అనేవాడు, అక్కడే నష్టపోయేవాడు. గ్లాసులు గడ్డిలో చుట్టి చెక్కపెట్టెలో వస్తాయి. డజనుకు రెండు పగిలితే అమ్మకానికి మిగిలేవి పది. 54ను పదితో భాగించాలి. 5 అణాల 5 పైలు దాకా పడుతుంది. లాభం ఆ పైన వేసుకోవాలి. నాలుగున్నర మీద అణా లాభం వేసి అయిదున్నరకు అమ్మినవాడికి చేతికి వచ్చేది ఒక్క పై.

సుంకం పెరిగినా అంతే. 1922లో విదేశీ అగ్గిపెట్టెల మీద సుంకాన్ని గ్రోసుకు 12 అణాల నుంచి రూపాయిన్నరకు పెంచారు. 24 అణాలను 144తో భాగించండి. పెట్టెకు 2 పైలు సుంకానికే పోయింది. అప్పటిదాకా బల్ల మీద ఉన్నవి స్వీడన్, జపాను పెట్టెలు. ఆ గోడ లేచాక ఇక్కడే చేస్తే గిట్టుబాటైంది. స్వీడనువాళ్ళే 1923లో బొంబాయిలో విమ్కో పేరిట కంపెనీ పెట్టారు. ఇంచుమించు అప్పుడే శివకాశిలోనూ అగ్గిపెట్టెల పని మొదలైంది.

మీ లాంతరు బాగానే ఉన్నట్టుంది, వెలిగించండి. పెద్దవాళ్ళు పక్కనుండాలి సుమా. గ్లాసుకు అటూ ఇటూ వంగిన గొట్టాలు పట్టుకోవడానికి కాదు. పైమూత దగ్గర చొరబడ్డ గాలి వాటిలోంచి కిందికి దిగి వత్తికి అందుతుంది. అందుకే ఎదురుగాలిలోనూ ఆరదు. బుడ్డిలో కిర్సనాయిలు ముప్పావు వంతుకు మించి పోయకండి. వేడికి వ్యాకోచించి బర్నరు దగ్గర పొంగుతుంది. కొత్త వత్తి వేస్తే పదిహేను నిమిషాలు నాననివ్వండి. పొడి వత్తి ముట్టిస్తే నూనెకు బదులు నూలే కాలుతుంది. వత్తి కొనను అడ్డంగా తిన్నగా కత్తిరించి, రెండు మూలలూ రవ్వంత చెక్కేయండి. లేకపోతే మంటకు కొమ్ములు మొలిచి గ్లాసు ఒకపక్కే మసిబారుతుంది. ముట్టించగానే వత్తి పైకి తిప్పడం అందరూ చేసే తప్పు. ముందు తగ్గించి ఉంచి, గ్లాసు వేడెక్కాక పెంచాలి. చల్లారకుండా తడిగుడ్డ తగిలిస్తే గ్లాసు టప్పున పగులుతుంది. పొడి బూడిదతో తోమి పాత పేపరుతో తుడిస్తే చాలు.

కిర్సనాయిలు డబ్బా 4 గ్యాలన్లది, 18 లీటర్ల పైచిలుకు. గ్యాలనుకు ఆరు సీసాల లెక్కన డబ్బాకు 24 సీసాలు. ఖాళీ డబ్బాకూ ధర ఉండేది. నీళ్ళు మోయడానికి, బియ్యం పోసుకోవడానికి, విప్పదీసి రేకుగా కప్పుకోవడానికి పనికొచ్చేది.

దువ్వెనతో మాత్రం జాగ్రత్త. అది సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ అయితే వేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి, కర్పూరం వాసన వస్తుంది. అందులో నిజంగానే కర్పూరం కలుపుతారు. భగ్గున అంటుకుంటుంది, లాంతరు దరిదాపుల్లో పెట్టవద్దు. ఎనామిల్ పళ్ళెం ఇనపరేకు మీద గాజుపూత. పెచ్చు ఊడినచోట తుప్పు పడుతుంది, అందులో పులుసు వడ్డించుకోకండి.

పళ్ళెం వెనక అచ్చు ఏముందో కూడా చూడండి. విదేశీ సరుకు మీద ఇంగ్లండు వ్యాపారి పేరో మార్కో ఉంటే, తయారైన దేశం పేరు కూడా వేయాలని 1889లో ఇక్కడ చట్టం వచ్చింది. గాజు వస్తువు మీద ‘చెకోస్లొవేకియా’ అని ఉంటే 1918 తర్వాతిది. ఆ దేశమే అప్పుడు పుట్టింది. అంతకుముందు అదే ఊళ్ళ సరుకు ఆస్ట్రియా పేరున వచ్చేది. 1914లో యుద్ధం వచ్చి జర్మనీ, ఆస్ట్రియా సరుకు ఆగిపోతే ఆ బీరువాలు నింపింది జపాను. ‘ఆక్యుపైడ్ జపాన్’ అని కనబడితే ఆ వస్తువు రెండో యుద్ధం ముగిశాక, 1952 లోపల చేసింది.

ఇక బొత్తాల అట్ట వెనక అక్షరాలు. కొన్న ధర బేరమాడేవాళ్ళకు తెలియకూడదని షావుకారు దాన్ని గుప్తలిపిలో రాసుకునేవాడు. పది వేర్వేరు అక్షరాల మాట ఒకటి అనుకుని, వరసగా 1 నుంచి 9, చివర సున్నా అనుకోవాలి. మచ్చుకు నేను కట్టింది ఇది: ‘గోదావరి కృష్ణ తుంగభద్ర’. గో ఒకటి, దా రెండు, వ మూడు, రి నాలుగు, కృ అయిదు, ష్ణ ఆరు, తుం ఏడు, గ ఎనిమిది, భ తొమ్మిది, ద్ర సున్నా. ‘గో–రి’ అంటే రూపాయి 4 అణాలు. ‘వ–గోద్ర’ అంటే 3 రూపాయల 10 అణాలు.

మీ అట్ట రాసిన షావుకారు మాట ఏమిటో మనకు తెలియదు. అయినా ఒక చిల్లు ఉంది. అణాలు ఎప్పుడూ 15 దాటవు. కాబట్టి అణాల చోట రెండక్షరాలు కనబడితే మొదటిది ఒకటే అయి తీరాలి, రెండోది సున్నా నుంచి అయిదు లోపలే ఉండాలి. పెట్టెలో అలాంటి అట్టలు ఇంకేమైనా ఉన్నాయేమో వెతికి, అన్నీ ఒకచోట పేర్చి చూడండి. మొదటి అక్షరం దొరికితే నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య