ఇంటిపేరు సైనోవియల్, పుట్టిల్లు వేరే

ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అని సామెత. సైనోవియల్ సార్కోమా అనే క్యాన్సర్ పేరు వింటే నాకు అదే గుర్తొస్తుంది.

విజయవాడ సూర్యారావుపేటలో ఒక ల్యాబ్ మెట్ల మీద మా మేనల్లుడు బయాప్సీ రిపోర్టు నా చేతిలో పెట్టి, "క్రికెట్‌లో తగిలిన దెబ్బ వల్లేనా మావయ్యా?" అన్నాడు. కాదు. దెబ్బ తగిలినచోట తడుముకుంటాం కాబట్టి అంతకుముందే ఉన్న గడ్డ చేతికి దొరుకుతుంది, అంతే. వాడి రెండో ప్రశ్న గట్టిది: "మరి కీళ్లలోంచి వచ్చిందా?"

కీలు లోపల జిగురు ద్రవాన్ని ఊరించే పల్చటి పొరే సైనోవియం. ఈ కణితి ఎక్కువగా మోకాలి చుట్టుపక్కల, యువకుల్లో కనిపిస్తుంది. మైక్రోస్కోపులో ఆ పొరను పోలి ఉందని పాతకాలం డాక్టర్లు ఆ పేరు పెట్టేశారు. నిజానికి కీలు లోపల పుట్టేవి చాలా తక్కువ. ఊపిరితిత్తుల్లోనూ వస్తుంది, అక్కడ కీలెక్కడిది?

దీన్ని పట్టిచ్చేది ఒక జన్యు తప్పిదం. ఎక్స్ క్రోమోజోము, 18వ క్రోమోజోము తెగి, ఒకదాని ముక్క ఇంకోదానికి అతుక్కుంటాయి. ఎస్ఎస్18 అనే జన్యువు ఎస్ఎస్ఎక్స్ అనే ఇంకో జన్యువుతో కలిసిపోతుంది. 1994లో తేలిన సంగతి ఇది. దాదాపు ప్రతి రోగిలోనూ ఈ అతుకు ఉంటుంది.

మరి అతుకు మొదట ఏ కణంలో పడింది? కణితి మొహం చూసి చెప్పలేం. డీఎన్ఏలో ఏ భాగం తెరుచుకోవాలో చూసే బాఫ్ అనే ప్రోటీన్ల బృందం ఉంది. ఈ అతుకు జన్యువు నుంచి తయారయ్యే ప్రోటీన్ అందులో దూరి, అసలు ఎస్ఎస్18 చోటు ఆక్రమించి, బాఫ్47 అనే ఇంకో సభ్యుణ్ణి బయటికి నెట్టేస్తుందని 2013లో స్టాన్‌ఫర్డ్‌లో చూపించారు. దాంతో కణం తన పాత గుర్తులు పోగొట్టుకుంటుంది. కొన్ని కణితుల్లో గ్రంథుల్లాంటి ఆకారాలు కూడా కనిపిస్తాయి. వేషం మార్చినవాణ్ణి ఊరేదని అడిగినట్టే.

కణితి మొహం చూసి చెప్పలేం కాబట్టి, అంతకుముందే 2007లో అమెరికాలో యూటా విశ్వవిద్యాలయంలో జన్యు శాస్త్రవేత్త మారియో కపెక్కి బృందం ఎదురు దారి పట్టింది. (అదే ఏడాది ఆయనకు నోబెల్ వచ్చింది, వేరే పనికి.) ఎలుకల్లో కండరం తయారయ్యే ఒక్కో దశలో ఈ అతుకు జన్యువును పనిచేయించి చూశారు. మరీ తొలి దశ కణాల్లో పెడితే పిండాలే బతకలేదు. బాగా ముదిరిన కండర కణాల్లో పెడితే కండరాలు జబ్బుపడ్డాయి గానీ కణితి రాలేదు. ఆ రెంటికీ మధ్య, ఇంకా కండరం కాబోతున్న లేత కణాల్లో పెట్టినప్పుడు మాత్రం ప్రతి ఎలుకకూ కణితి వచ్చింది. తప్పు ఒకటే, పడిన వేళను బట్టి ఫలితం మూడు రకాలు! ఈ ప్రయోగం నాకు భలే నచ్చుతుంది.

అయితే 2009లో అదే బృందం ఈ జన్యువును ఇంకో పద్ధతిలో, అక్కడక్కడా కొన్ని కణాల్లో మాత్రం మేల్కొలిపితే కండరం కాని చోట్ల కూడా కణితులు వచ్చాయి. అంటే పుట్టిల్లు ఒకటే కాకపోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఇది ఏ కణజాలమో తేలని కణితుల గుంపులోనే ఉంది. మావాడి రిపోర్టులో మాత్రం పాత ఇంటిపేరే.