ఒకే ఎంజైము, రెండు రకాల మందులు

వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో పత్తి చేను పూత మీదికి వచ్చే రోజుల్లో ‘మందు కొట్టిండ్రా?’ అన్న పలకరింపు తరచుగా వినిపిస్తుంది. మతిమరుపు వచ్చిన తాతకు రాత్రిపూట వేసే మాత్రనూ ఇంట్లో మందనే అంటారు. చేనుకు కొట్టే ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులూ, అల్జీమర్స్ రోగికి ఇచ్చే డోనెపెజిల్ మాత్రా మన ఒంట్లో పట్టుకునేది కూడా ఒకే ఎంజైమును. దాని పేరు ఎసిటైల్‌కోలినెస్టరేజ్.

నాడి చివర విడుదలయ్యే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనమే కండరానికి ఆదేశాన్ని చేరవేస్తుంది. ఆదేశం అందడం ఎంత అవసరమో, అది వెంటనే ఆగిపోవడమూ అంతే అవసరం. లేకపోతే బిగించిన పిడికిలిని విప్పలేము. ఆపే పని ఈ ఎంజైముది. దీని ఒక్కో అణువు సెకనుకు వేల ఎసిటైల్‌కోలిన్ అణువులను విరగగొడుతుంది.

ఆర్గానోఫాస్ఫేట్ వచ్చి ఎంజైములోని సెరీన్ అనే భాగానికి ముడిపడిందంటే ఆ పని నిలిచిపోతుంది. చొంగ కారడం, చెమటలు, కంటిపాపలు సూదిమొనంత కావడం, కండరాలు అదరడం, చివరకు ఊపిరి ఆడకపోవడం, ఇవన్నీ ఆగని ఆదేశాల ఫలితమే. ఆసుపత్రిలో విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ చొంగనూ ఊపిరితిత్తుల్లోని తడినీ తగ్గిస్తుంది గాని ఎంజైమును విడిపించలేదు. విడిపించడానికి ఇచ్చేది ప్రాలిడాక్సిమ్. అయితే సమయం గడిచేకొద్దీ ఆ ముడి ‘ముదురుతుంది’, ముదిరాక ప్రాలిడాక్సిమ్ కూడా దాన్ని విప్పలేదు. ఎంత సేపటికి ముదురుతుందన్నది మందును బట్టి మారుతుంది కాబట్టే, ఆసుపత్రికి పరుగెత్తేటప్పుడు డబ్బాను కూడా వెంట తెమ్మంటారు.

డోనెపెజిల్ అలా ముడి వేయదు, ఎంజైము లోపలి సందులో కూర్చుని మళ్లీ లేచిపోతుంది. ఆ కాసేపట్లో మెదడులో ఎసిటైల్‌కోలిన్ కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది. జబ్బు నయం కాదు, జ్ఞాపకానికి కొంత ఊతం దొరుకుతుంది, అంతే. ఈ దారి చూపింది నిజానికి ఒక విషపు గింజ. పశ్చిమ ఆఫ్రికాలో నేరం తేల్చడానికి నిందితుల చేత మింగించిన కలబార్ గింజలోని, ఇదే ఎంజైమును ఆపే ఫైసోస్టిగ్మిన్‌ను 1934లో లండన్ వైద్యురాలు మేరీ వాకర్ కండరాలు నీరసించే మయస్తీనియా గ్రావిస్ రోగికి ఇచ్చి చూసింది. ఆ జబ్బు లక్షణాలు కండరాలను చచ్చుబడేసే కురారే విషం ఎక్కినవారి లక్షణాల్లాగే ఉన్నాయని, కురారేకు విరుగుడైన ఫైసోస్టిగ్మినే దీనికీ పనికొస్తుందని ఆమె ఊహించింది. రోగి కండరాలకు కొన్ని గంటల పాటు బలం వచ్చింది.

ఈ ఎంజైముకు బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే చుట్టమొకటి ఉంది. కాలేయం దాన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. పురుగుమందు తాగినవారి రక్తపరీక్షలో సాధారణంగా కొలిచేది దీన్నే. మన ఆర్యవైశ్యుల్లో కొందరికి పుట్టుకతోనే ఇది దాదాపు పనిచేయదు. ఆ ఎంజైములో 307వ స్థానాన ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు ప్రోలిన్ ఉండటమే కారణం. రోజువారీ జీవితంలో వారికి ఏ తేడా తెలియదు. ఆపరేషన్ బల్ల మీద కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ ఇచ్చినప్పుడు మాత్రం, ఈ ఎంజైము వల్ల కొద్ది నిమిషాల్లో కరిగిపోవాల్సిన ఆ మందు గంటల తరబడి నిలిచి, అంతసేపూ వెంటిలేటరే ఊపిరి పోయాల్సి వస్తుంది. ఇంట్లో ఎవరికైనా అలా జరిగిందని ముందే చెబితే, మత్తు డాక్టరు రోకురోనియం వంటి వేరే మందును ఎంచుకుంటారు.