లైన్ ఉన్న పిల్లలకు జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగొద్దు

లుకేమియా (రక్త కేన్సర్) వచ్చిన పిల్లల్లో చాలామందికి చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. అన్నాళ్లూ చేతులకు సూదులు గుచ్చుతూ పోతే నరం దొరకడం మానేస్తుంది. కొన్ని కీమో మందులు నరం బయటికి కారితే చుట్టూ ఉన్న కండ కాలినట్టు పాడవుతుంది. అందుకే ఛాతీ దగ్గర నుంచి పెద్ద నరంలోకి మెత్తని గొట్టం వేసి, దాని కొస గుండె దగ్గర ఉండేలా అమరుస్తారు. 1973లో బ్రోవియాక్, 1979లో హిక్‌మన్ పరిచయం చేసిన గొట్టాలు ఇప్పటికీ వాళ్ల పేర్లతోనే ఉన్నాయి. ఆస్పత్రిలో మాత్రం అందరికీ అది 'లైన్'. మొత్తంగా చర్మం కిందే ఉండేది పోర్ట్.

ఈ లైన్‌తో వచ్చే చిక్కుల్లో అన్నిటికంటే భయపెట్టేది ఇన్ఫెక్షన్. మూత దగ్గర నుంచో, చర్మం మీద నుంచో చేరిన సూక్ష్మజీవులు గొట్టం లోపలి గోడకు చెరువు మెట్ల మీద పాచిలా పట్టేస్తాయి. ఆ పొరలోకి మందు సరిగా చొరబడదు. లైన్‌లోకి సెలైన్ ఎక్కించగానే కొన్ని ఊడి నేరుగా రక్తంలోకి పోతాయి. ఇలా సెలైన్‌తో లైన్ కడిగిన (ఫ్లష్ చేసిన) కాసేపటికే బిడ్డ వణికిపోతే అనుమానం ముందు లైన్ మీదికే వెళ్లాలి. పైన ఎర్రగా లేదు, చీము లేదు అని ధైర్యపడకండి. కీమోతో తెల్లకణాలు తగ్గిన పిల్లల్లో చీము పట్టకపోవచ్చు కూడా.

జ్వరం 100.4 డిగ్రీలు దాటిందా, అది ఎమర్జెన్సీయే. చికిత్స జరిగే విశాఖ శ్రీకాకుళం నుంచే వంద కిలోమీటర్ల పైమాట, ఇచ్ఛాపురం వాళ్లకు ఇంకెంతో దూరం. 'పారాసెట్మాల్ వేసి, తెల్లారాక మొదటి బస్సుకి పోదాం' అనుకోవడం సహజమే, కానీ ఆ రాత్రిలోనే బిడ్డ బీపీ పడిపోవచ్చు. చికిత్స చేస్తున్న డాక్టరుకు ఫోన్ చేసి, దగ్గరలోని పెద్దాసుపత్రికి వెళ్లండి. లైన్ ఉందని ముందే చెప్పండి. బ్లడ్ కల్చర్‌కు (రక్తంలో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్షకు) రక్తం తీసి, గంటలోపు యాంటీబయాటిక్ మొదలుపెట్టడమే అక్కడ జరగాల్సిన పని. విశాఖ ప్రయాణం ఆ తర్వాత.

లైన్ తీసేయాలా వద్దా అన్నది కల్చర్‌లో ఏం పెరిగిందో చూసి తేలుస్తారు. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా గానీ కాండిడా ఫంగస్ గానీ అయితే సాధారణంగా తీసేస్తారు. చర్మం మీద ఉండే మామూలు రకాలైతే చాలాసార్లు మందుతోనే కాపాడుకోవచ్చు.

మన ఉక్కపోతకు డ్రెస్సింగ్ అంచులు ఇట్టే లేస్తాయి. లేచినా, తడిసినా వారం గడువు కోసం చూడకుండా మార్పించాలి. గొట్టం బయటికి ఉన్న పిల్లలకు చెరువు స్నానాలు, నాగావళిలో ఈతలు వద్దు. ఫ్లష్ చేసేటప్పుడు 10 మి.లీ. సిరంజే వాడతారు. చిన్న సిరంజి ఒత్తిడి ఎక్కువై గొట్టం చీలిపోవచ్చు. చీలితే చీలికకూ ఒంటికీ మధ్య క్లాంపు (గొట్టాన్ని నొక్కి మూసే క్లిప్పు) బిగించి బయలుదేరండి. మెడో, ముఖమో, ఒక చెయ్యో వాస్తే నరంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, అదీ ఆ రోజే చూపించాల్సిందే.