రోడ్డుకూ ట్రాక్‌కూ ఒకే కారు: సస్పెన్షన్ మార్పిడిపై అపోహలు - వాస్తవాలు

ఏడాది పొడవునా హైదరాబాద్ రోడ్ల మీద తిరుగుతూ, రెండు మూడుసార్లు మాత్రం చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరులోని కరి స్పీడ్‌వేకో వెళ్లే కార్లకు సస్పెన్షన్ అమర్చడం నా వృత్తి. ఆ కారు ట్రాక్‌కు లారీ మీద వెళ్లదు. ఆరు వందల కిలోమీటర్లకు పైగా తన చక్రాల మీదే వెళ్లి, రోజంతా ట్రాక్ మీద పరుగెత్తి, మళ్లీ అవే చక్రాల మీద ఇంటికి చేరాలి. కొనేముందు గుర్తుంచుకోవలసింది ఈ ప్రయాణాన్నే.

అపోహ: కారు ఎంత కిందికి దిగితే మలుపుల్లో అంత పట్టు.

వాస్తవం: గరిమనాభి కిందికి దిగితే మలుపులో ఒక పక్క నుంచి మరో పక్కకు మారే బరువు తగ్గుతుందన్నది నిజమే. అయితే స్విఫ్ట్, పోలో వంటి కార్లలో ముందు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగు, డ్యాంపర్ (స్ప్రింగు ఊపును అణిచే షాక్ అబ్జార్బర్) ఒకే స్తంభంగా ఉండే అమరిక. కారును 40 మిల్లీమీటర్లు దించితే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపున బాడీకి కలిపే కడ్డీ) బయటి కొస పైకి లేచి, రోల్ సెంటర్ (బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) బాడీ కంటే ఎక్కువ దూరం కిందికి జారుతుంది. దాంతో బాడీని ఒరగదోసే మీట పొడవు పెరిగి, అదే స్ప్రింగు మీద కారు మునుపటి కన్నా ఎక్కువగా ఒరుగుతుంది. చక్రం పైకి నొక్కుకున్నప్పుడు రావలసిన నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) కూడా తగ్గిపోతుంది.

అంతకన్నా పెద్ద నష్టం, చక్రం పైకి కదలడానికి చోటు మిగలకపోవడం. వేరేచోట లోవరింగ్ స్ప్రింగులు వేయించుకున్న ఒక పోలో యజమాని నా దగ్గరికి వచ్చి, "మలుపు మధ్యలో ముందు చక్రాలు ఉన్నట్టుండి బయటికి జారిపోతున్నాయండీ, టైర్లు మార్చాలా?" అని అడిగారు. స్ట్రట్ ఎంతవరకు నొక్కుకుంటుందో చూడటానికి డ్యాంపర్ రాడ్‌కు ఒక ప్లాస్టిక్ జిప్ టై కట్టి, సీలుకు ఆనించి, కారును ఒకసారి నడిపి రమ్మన్నాను. తిరిగి వచ్చేసరికి ఆ జిప్ టై పైకి జరిగి బంప్ స్టాప్‌లో (స్ట్రట్ పూర్తిగా నొక్కుకోకుండా ఆపే మెత్తటి దిమ్మెలో) ఇరుక్కుని ఉంది. రబ్బరు తొడుగు కిందికి లాగితే బంప్ స్టాప్ పసుపుపచ్చని పొడిగా రాలింది. మలుపులో స్ట్రట్ ఆ దిమ్మెకు తగిలిన క్షణంలో స్ప్రింగు బలం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగినట్టవుతుంది. అప్పుడు బయటి ముందు టైరు మీద బరువు ఉన్నపళంగా పడి పట్టు తప్పుతుంది. టైర్లలో లోపమేమీ లేదు.

అపోహ: గట్టి స్ప్రింగే ట్రాక్ స్ప్రింగు.

వాస్తవం: ఒక లెక్క చూద్దాం. ముందు ఒక్కో మూలన స్ప్రింగు మోసే బరువు 300 కిలోలు, చక్రం దగ్గర స్ప్రింగు బలం మిల్లీమీటరుకు 25 న్యూటన్లు అనుకుంటే, ఆ మూల సెకనుకు దాదాపు 1.45 సార్లు ఊగుతుంది. బలాన్ని 50కి పెంచితే అది 2.05 అవుతుంది. స్ప్రింగు బలం రెట్టింపైతే డ్యాంపర్ బలం కూడా సుమారు 1.4 రెట్లు పెరగాలి. కంపెనీ డ్యాంపర్ల మీదే గట్టి స్ప్రింగులు వేస్తే, వాటి ఊపును ఆపే శక్తి లేక కారు గతుకుల మీద ఎగిరెగిరి పడుతుంది. పైగా మొదటి స్ప్రింగు కారు బరువుకు 118 మిల్లీమీటర్లు నొక్కుకుని ఉంటే, రెండోది 59 మాత్రమే నొక్కుకుంటుంది. గుంత వచ్చినప్పుడు చక్రాన్ని కిందికి నెట్టే శక్తి దానికి అంతవరకే ఉంటుంది. నేలకు ఆనని టైరుకు పట్టెక్కడిది? రోడ్డు మీద కూడా తిరిగే కారుకు ముందు వైపు ఈ ఊపు సెకనుకు 1.7 నుంచి 2 సార్ల మధ్యలో ఆగడమే మేలని నా అభిప్రాయం.

అపోహ: మిత్రుడి కారులో బాగున్న స్ప్రింగు నా కారుకూ సరిపోతుంది.

వాస్తవం: చక్రం ఒక మిల్లీమీటరు కదిలినప్పుడు స్ప్రింగు 0.7 మిల్లీమీటరే కదిలే అమరిక అయితే, చక్రానికి అందే స్ప్రింగు బలం 0.49 (0.7 × 0.7) వంతే. స్ట్రట్‌లో దాదాపు మొత్తం అందుతుంది. అందుకే పెట్టె మీది అంకెలను నేరుగా పోల్చకూడదు.

అపోహ: డ్యాంపర్ బలాన్ని మార్చే నాబ్‌కు ఎన్ని ఎక్కువ క్లిక్కులుంటే అంత మంచి కాయిలోవర్ (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, డ్యాంపర్ సెట్టు).

వాస్తవం: ఒకే నాబ్ ఉన్న సెట్లలో ఆ క్లిక్కులు ఎక్కువగా మార్చేది పిస్టన్ నెమ్మదిగా కదిలేటప్పటి నిరోధాన్ని, అంటే స్టీరింగ్ తిప్పినప్పుడూ బ్రేకు వేసినప్పుడూ బాడీ ఒరిగే తీరును. గుంత అంచు కొట్టే దెబ్బను తట్టుకునేది లోపలి వాల్వు రేకుల అమరిక. నాబ్ ప్రభావం అక్కడ చాలా తక్కువ. కాబట్టి అమ్మేవారిని డైనో గ్రాఫ్ (ఏ వేగానికి డ్యాంపర్ ఎంత నిరోధం ఇస్తుందో యంత్రం మీద కొలిచిన గీత) అడగండి, సీలు పోతే మన దేశంలోనే బాగుచేస్తారా అని కూడా అడగండి. ఈ రెండింటికీ జవాబు లేని 32 క్లిక్కుల సెట్టు కన్నా, అసలు నాబే లేకపోయినా ఆ కారు బరువుకు తగ్గట్టు వాల్వులు కుదిర్చిన డ్యాంపర్లనే నేను ఎంచుకుంటాను.

అపోహ: బిగించేస్తే పని పూర్తయినట్టే.

వాస్తవం: ఎత్తు మారితే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం), క్యాంబర్ రెండూ మారతాయి. లోయర్ ఆర్మ్ బుష్ (ఆర్మ్ కీలులోని రబ్బరు తొడుగు) బోల్టులను కారు లిఫ్టు మీద వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలితిరిగి ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. అందుకని బరువు పూర్తిగా చక్రాల మీద ఉండగానే ఆ బోల్టులను బిగించి, కొన్ని రోజులు నడిపి స్ప్రింగులు కుదురుకున్నాక, డ్రైవరు సీటులో మీ బరువంత ఇసుక బస్తాలు పెట్టించి అలైన్‌మెంట్ చేయించండి.