ఏడు మిల్లీమీటర్ల దూరంలో ముక్కపురుగు

పిల్లలూ,

బియ్యం చెరిగినప్పుడు చాటలో మిగిలే చచ్చిన ముక్కపురుగును ఫోన్‌తో ఫొటో తీసి చూడండి. గోధుమరంగు చుక్క తప్ప ఏమీ పడదు. ఇంకా దగ్గరికి తెస్తే ఆ చుక్క కూడా మసకబారుతుంది. చాలా ఫోన్ కెమెరాలు ఏడెనిమిది సెంటీమీటర్ల కన్నా దగ్గరగా ఉన్నవాటిని స్పష్టంగా చూడలేవు. ముందు ఒక బుల్లి కుంభాకార కటకం పెడితే ఆ ఇబ్బంది తీరుతుంది. కొత్తది కొననక్కర్లేదు.

తిరునాళ్లలో అమ్మే లేజర్ లైటు పాడైపోయి ఇంట్లో ఉంటుంది. ముందు దాని బ్యాటరీలు తీసి పెద్దవాళ్ల చేతికివ్వండి. చిన్నపిల్లలు మింగితే ప్రాణం మీదికొస్తుంది. తర్వాత మూతి దగ్గరి మర తిప్పితే కందిబద్దంత కటకం బయటపడుతుంది. లైటులో బయటి వైపున్న ముఖమే ఇప్పుడు ఫోన్ వైపు ఉండాలి. బొమ్మ మరీ మసకగా వస్తే తిరగేసి చూడండి. జుట్టుకు పెట్టుకునే సైడు పిన్ను రెండు కాళ్ల మధ్య కటకాన్ని ఇరికించి, ఫోన్ వెనక కవరు తీసేసి, పిన్నును టేపుతో కెమెరాకు ఆనించి అతికించండి. కెమెరాకూ కటకానికీ మధ్య సందు ఉంటే ఫొటో చుట్టూ నల్లటి వలయం వస్తుంది. రెండు మూడు కెమెరాలున్న ఫోన్ అయితే ఒక్కోదాన్ని వేలితో మూసి, 1ఎక్స్ (జూమ్ చేయని మామూలు స్థితి) దగ్గర పనిచేసేది ఏదో ముందే తెలుసుకోండి.

అసలు కీలకం దూరంలో ఉంది. కటకాన్ని కిటికీకి ఎదురుగా, గది లోపలి గోడ దగ్గర తెల్లకాగితానికి ఆనించి, మెల్లగా వెనక్కి జరపండి. కాగితం మీద కిటికీ బొమ్మ తలకిందులుగా, స్పష్టంగా పడినప్పుడు కటకానికీ కాగితానికీ మధ్య దూరం కొలవండి. మీ పదో తరగతి పుస్తకంలోని నాభ్యంతరం అదే. 7 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. పురుగును కటకానికి సరిగ్గా ఆ దూరంలో ఉంచితే దాని నుంచి వచ్చే కిరణాలు కటకం దాటాక సమాంతరమవుతాయి, ఫోన్‌కు అది ఎక్కడో దూరంగా ఉన్నట్టే. అందుకే కెమెరాలో ప్రో మోడ్ (ఫోకస్‌ను మనమే చేత్తో మార్చుకునే పద్ధతి) ఉంటే, ఫోకస్‌ను దూరాన్ని సూచించే కొండ గుర్తు దగ్గర పెట్టి వదిలేయండి.

చేత్తో పట్టుకుని ఆ దూరం నిలపడం ఎవరివల్లా కాదు. సమాన ఎత్తున్న రెండు పుస్తకాల దొంతుల మీద ఫోన్‌ను వంతెనలా పడుకోబెట్టండి. కెమెరా సందులోకి చూడాలి. కింద అగ్గిపెట్టె, దాని మీద పురుగు. అగ్గిపెట్టె కింద జెరాక్స్ కాగితాలు పేర్చండి. ఒక్కో కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. స్పష్టంగా కనబడే లోతు కూడా ఒకటి రెండు కాగితాల మందమే, కాబట్టి ముక్కు స్పష్టంగా ఉన్నప్పుడు వీపు మసకగా ఉండడం తప్పు కాదు. ఒక్కో కాగితం తీస్తూ పది ఫొటోలు తీసి మంచివి ఏరుకోండి. వేలు తగిలినా కదులుతుంది, 3 సెకన్ల టైమర్ పెట్టండి. మొదటి రోజు పురుగు జోలికి పోకుండా పేపర్లోని రంగుల ఫొటో తీయండి. అది చదునుగా ఉంటుంది, పైగా నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి.

అంత దగ్గరలో ఫోన్ నీడే వస్తువు మీద పడుతుంది. ఫ్లాష్ పనికిరాదు. పక్కనుంచి టార్చి వేసి, ఎదురుగా తెల్లకాగితం నిలబెట్టండి. ఆకునైతే గాజు పలక మీద పెట్టి కిందినుంచి వెలుగివ్వండి, ఈనెలు బాగా తెలుస్తాయి. ఫొటో అంచులు మసకగా వస్తాయి. ఒక్క కటకంతో అంతే, మధ్యభాగం కత్తిరించుకోండి.

లేజర్ లైటు దొరకకపోతే నీటిబొట్టు ఉంది. ఫోన్ మీద నేరుగా వేయొద్దు. కెమెరా పైకి చూసేలా ఫోన్ పడుకోబెట్టి, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కప్పి, దాని మీద బొట్టు వేసి, పైనుంచి ఆకు చూపండి. నీటిబొట్టు నాభ్యంతరం దాని వక్రతా వ్యాసార్థానికి (బొట్టు వంపును పూర్తి గోళంగా ఊహిస్తే ఆ గోళం వ్యాసార్థానికి) మూడు రెట్లు, మందుల షాపులో దొరికే గ్లిజరిన్‌కు రెండింతలకు కాస్త ఎక్కువ. అందుకే గ్లిజరిన్ ఎక్కువ పెద్దదిగా చూపుతుంది, నీళ్లలా ఆరిపోదు కూడా. బొట్టు ఎంత చిన్నదైతే అంత గుండ్రం, అంత శక్తి. 17వ శతాబ్దంలో డచ్ పట్టణం డెల్ఫ్ట్‌లో లీవెన్‌హోక్ అనే బట్టల వ్యాపారి సూక్ష్మజీవులను చూసింది ఇలాంటి బుల్లి ఒంటి కటకంతోనే. ఇప్పటికీ మిగిలిన ఆయన పరికరాల్లో ఒకటి 260 రెట్లకు పైగా పెంచి చూపుతుంది.

అమరిక కదలకముందే స్కేలును అదే ఎత్తులో పెట్టి ఒక ఫొటో తీయండి. ఎన్ని మిల్లీమీటర్లు పట్టాయో లెక్కపెడితే ముక్కపురుగు ముక్కు పొడవు మీరే కొలవొచ్చు. కొలిచి నాకు రాయండి.

మీ తాతయ్య