‘కుదరదు’ అనే ముందు ఏఐలో జరగాల్సిన పని

పిల్లలపై లైంగిక దోపిడీకి తోడ్పడే ఏ కోరికనూ తమ ఏఐ మోడళ్లు తీర్చకూడదన్న నియమాన్ని పేరున్న కంపెనీలన్నీ రాసుకున్నాయి. తెరపై కనిపించేది ‘ఇందులో సాయం చేయలేను’ అన్న ఒక్క వాక్యమే అయినా, ఆ తిరస్కారం నిలబడాలంటే పని శిక్షణ డేటా దగ్గరే, అంటే మోడల్‌కు నేర్పడానికి వాడే సమాచారం దగ్గరే, మొదలవ్వాలి.

అక్కడ ఏమరుపాటుగా ఉంటే ఏమవుతుందో లయాన్-5బి డేటాసెట్ చూపించింది. ఇంటర్నెట్ నుంచి యంత్రాలు ఏరిన 500 కోట్లకు పైగా చిత్రాల లింకులు, వాటి వివరణలు అందులో ఉండేవి. మాటల్లో అడిగితే చిత్రం గీసిచ్చే ఏఐ మోడల్ స్టేబుల్ డిఫ్యూజన్ తొలి రూపాలు దానిలోని భాగాలతోనే శిక్షణ పొందాయి. 2023 డిసెంబరులో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధన బృందం ‘ఇంటర్నెట్ అబ్జర్వేటరీ’ దాన్ని పరిశీలించి, పిల్లలపై లైంగిక హింసకు సంబంధించినవిగా నిర్ధారణ అయిన చిత్రాలు వెయ్యికి పైగా ఉన్నాయని తేల్చింది. ఆ డేటాసెట్‌ను వెంటనే ఉపసంహరించి, 2024 ఆగస్టులో శుభ్రపరచిన రూపాన్ని విడుదల చేశారు. అయితే అప్పటికే డౌన్‌లోడ్ అయిన మోడళ్లను వెనక్కి రప్పించే దారి ఎవరి దగ్గరా లేదు.

ఆ పరిశోధకులకు చిత్రాలను తమ కళ్లతో చూడవలసిన అవసరం రాలేదు. మైక్రోసాఫ్ట్, డార్ట్‌మత్ కళాశాల శాస్త్రవేత్త హానీ ఫరీద్ కలిసి 2009లో రూపొందించిన ఫొటోడీఎన్ఏ అనే సాంకేతికత ప్రతి చిత్రాన్నీ ఒక సంఖ్యల వరుసగా, అంటే హ్యాష్‌గా, మారుస్తుంది; చిత్రం పరిమాణం కొంత మారినా ఆ వరుస దాదాపు అలాగే ఉంటుంది కనుక, ఇదివరకే గుర్తించిన నేర చిత్రాల హ్యాష్‌ల జాబితాతో పోల్చి గుర్తుపట్టవచ్చు. కానీ ఏఐ అప్పటికప్పుడు పుట్టించే చిత్రం ఏ జాబితాలోనూ ఉండదు. అందుకే మోడల్‌కు నిరాకరించడం నేర్పడంతో పాటు, అడిగిన మాటనూ వచ్చిన ఫలితాన్నీ విడిగా పరిశీలించే వర్గీకరణ మోడళ్లను కాపలా పెడతారు. పిల్లల భద్రత కోసం పనిచేసే థార్న్ సంస్థ చొరవతో 2024 ఏప్రిల్‌లో గూగుల్, మెటా, ఓపెన్ఏఐ, ఆంత్రోపిక్ తదితర కంపెనీలు డేటాను వడపోయడం మొదలుకొని విడుదల తర్వాత నిఘా వరకు హామీలు ఇచ్చాయి.

ఈ కాపలా గట్టిదో కాదో పరీక్షించడం మాత్రం చిక్కైన పని. మన పోక్సో చట్టానికి 2019లో చేసిన సవరణ, నిజమైన బిడ్డకూ దానికీ తేడా తెలియని కంప్యూటర్ చిత్రాన్ని కూడా నేర నిర్వచనంలో చేర్చింది. ‘పరీక్ష కోసమే చేశాం’ అంటూ అలాంటి చిత్రాన్ని పుట్టించడం ఎవరికైనా ప్రమాదమే కాబట్టి, పరీక్షకులు చాలావరకు పరోక్ష పద్ధతులతోనే సరిపెట్టుకోవాలి.

నా దృష్టిలో ఇంతకన్నా కష్టమైన పరీక్ష మరొకటి ఉంది. ‘మా అమ్మాయిని గేమ్‌లో ఎవరో ఫొటోలు పంపమని బెదిరిస్తున్నాడు, ఏం చెయ్యాలి?’ అని ఒక తల్లి తెలుగులో టైపు చేసిందనుకోండి. అమ్మాయి, ఫొటోలు, బెదిరింపు అన్న మాటలు చూసి బెదిరిపోయే వ్యవస్థ ఆమెనూ గెంటేస్తుంది. శిక్షణలో ఇంగ్లీషు పాలే ఎక్కువ గనుక తెలుగులో ఈ పొరపాటుకు అవకాశం ఇంకా పెరుగుతుంది. చక్కగా శిక్షణ పొందిన మోడల్ మాటలను కాక ఉద్దేశాన్ని చూస్తుంది. అమ్మాయిని తిట్టవద్దని, డబ్బు గాని మరో ఫొటో గాని పంపవద్దని, సంభాషణను చెరిపేయకుండా ఉంచమని, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు, 1930 సైబర్ నేరాల నంబరుకు వెంటనే ఫోన్ చేయమని ఆమెకు చెబుతుంది.